గెలిచేదెవరు? గడియారం పిల్లాడా, దెయ్యం పిల్లాడా?

వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం మొగల్తూరులో మా ఇంట్లో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగగానే అందరం అరుగు మీదికి చేరాం. అక్క స్తంభానికి ఆనుకుని లేసు అల్లిక ఒళ్ళో పెట్టుకుంది. ఈ నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే చేతులకి వెలుతురుతో పెద్ద పనుండదు, లెక్క వేళ్ళే చూసుకుంటాయి. అమ్మ తాటిముంజలు ఒలుస్తోంది. ఎనిమిదో తరగతికి వచ్చిన మేనల్లుడు, ఐదో తరగతి మేనకోడలు సుద్దముక్కతో అరుగు మధ్య నిలువుగా ఒక గీత గీశారు. ఎడమ పక్క 'బెన్' అని వాడు రాశాడు. కుడి పక్క 'డానీ' అని అది రాసింది. పేర్ల కింద ఎవరి వీరుడి బలాలు వాళ్ళు రాసుకుంటూ పోతుంటే, కాసేపటికి వాడి జాబితా గడప దాకా పాకింది. దాని జాబితా మెట్టు దిగడానికి సిద్ధంగా ఉంది.

"మావయ్యా, ఇద్దరికీ పడితే ఎవరు గెలుస్తారో నువ్వే చెప్పు" అన్నాడు వాడు.

"వాడికి సాయం రాకు మావయ్యా, నిజం చెప్పు" అంది అది.

నేనూ ఆ రెండు కార్టూన్లూ చూసినవాణ్ణే. మా చిన్నప్పుడు ఇదే అరుగు మీద భీముడు గొప్పా, హనుమంతుడు గొప్పా అని వాదించుకుని అన్నాలకి కూడా లేవని రోజులున్నాయి. పిల్లలు ఇంత శ్రద్ధగా అడిగిన ప్రశ్నకి నోటికొచ్చిన జవాబు చెప్పబుద్ధి కాలేదు. ఆ రాత్రి తవ్వుకుంటూ పోతే దొరికిన వింతలూ విశేషాలూ ఇవి. కొన్ని అమెరికావి, కొన్ని అచ్చంగా మన గోదావరివి.

ఇద్దరూ ఎవరంటే

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. డానీ ఫాంటమ్ 2004 ఏప్రిల్ 3న నికెలొడియన్‌లో మొదలైంది. బుచ్ హార్ట్‌మన్ సృష్టి. డానీ ఫెంటన్ పద్నాలుగేళ్ళ కుర్రాడు. అమ్మా నాన్నా దెయ్యాలు పట్టే శాస్త్రవేత్తలు. వాళ్ళు ఇంట్లోనే దెయ్యాల లోకానికి ఒక ద్వారం కడతారు. అది పనిచెయ్యలేదని వాళ్ళు వదిలేస్తే, వీడు లోపలికి వెళ్ళి పొరపాటున మీట నొక్కేస్తాడు. అప్పట్నుంచి సగం మనిషి, సగం దెయ్యం. ఎగరగలడు, మాయమవగలడు, గోడల్లోంచి దూరిపోగలడు, చేతుల్లోంచి పచ్చటి మంటలాంటి శక్తిని విసరగలడు. 2007 ఆగస్టు 24 దాకా 53 భాగాలు నడిచింది.

బెన్ 10 కార్టూన్ నెట్‌వర్క్‌ది. 2005 డిసెంబరు 27న మొదలైంది. మ్యాన్ ఆఫ్ యాక్షన్ అని నలుగురు రచయితల జట్టు దాన్ని పుట్టించింది. పదేళ్ళ బెన్ టెన్నిసన్ వేసవి సెలవుల్లో తాతయ్యతో, గ్వెన్ అనే వరసకి చెల్లెలితో బండిలో ఊళ్ళు తిరుగుతుంటాడు. ఆకాశంలోంచి పడ్డ ఒక గడియారం వాడి మణికట్టుకి అతుక్కుంటుంది. పేరు ఆమ్నిట్రిక్స్. దాని ముఖం తిప్పి చేత్తో కొడితే వాడు వేరే గ్రహపు జీవిగా మారిపోతాడు. నిప్పుల దేహం ఒకటి, నాలుగు చేతుల రాక్షసాకారం ఒకటి, అరచేతిలో పట్టేంత బుర్ర మనిషి ఒకటి, ఇలా మొదట పది రూపాలు. అందుకే బెన్ 10. 2008 ఏప్రిల్‌లో వచ్చిన 'ఏలియన్ ఫోర్స్'లో వాడికి పదిహేనేళ్ళు, ఆ తర్వాతి కథల్లో పదహారు. మా అరుగు మీద పోటీకి దిగింది ఆ పెద్ద బెన్. పదేళ్ళవాణ్ణి పద్నాలుగేళ్ళవాడి మీదికి పంపడం ధర్మం కాదని మేనకోడలే ముందుగా ఒప్పుకుంది. అది నాకు చాలా నచ్చింది.

అతి తక్కువ గడువున్న బలం

గడియారం ఇచ్చే బలానికి గడియారమే హద్దు. మొదటి కథల్లో ఒక రూపం సుమారు పది నిమిషాలు నిలిచేది. గడువు దగ్గర పడితే గుండెల మీది గుర్తు ఎర్రగా కొట్టుకునేది. టైమ్ అయిపోగానే నిప్పుల వీరుడున్న చోట చొక్కా ప్యాంటు వేసుకున్న కుర్రాడు నిలబడేవాడు, శత్రువు ఎదురుగా. తిరిగి ఛార్జింగ్ అయ్యేదాకా పరుగే శరణ్యం. పైగా ఒకటి కోరుకుంటే మరోటి రావడం ఆ గడియారానికి అలవాటు. పెద్దయ్యాక బెన్‌కి దాని మీద పట్టు పెరిగింది. లోపల పది లక్షలకు పైగా జీవుల నమూనాలున్నాయని కూడా తెలిసింది. అయినా ముఖం తిప్పాలి, కొట్టాలి, మారాలి. ఆ రెప్పపాటు కాలం ఎప్పటికీ పోలేదు.

డానీకి బలం ఒంట్లోనే ఉంది, దానికి గడువు లేదు. కానీ అలుపుంది. వాడి అన్నిటికన్నా పెద్ద అస్త్రం ఒక అరుపు. నోరు తెరిచి అరిస్తే ఎదురుగా ఉన్న భవనాలు పొడి అవుతాయి. చెడిపోయిన తన భవిష్యత్తు రూపంతోనే తలపడాల్సి వచ్చినప్పుడు డానీకి ఆ విద్య మొదటిసారి బయటపడింది. ఆ అరుపు తర్వాత ఒంట్లో ఓపిక మిగలదు. మామూలు కుర్రాడైపోయి కూలబడతాడు. బెన్‌ది పది నిమిషాల గడువైతే డానీది ఒక్క అరుపు గడువు.

ఈ మాట చెప్పగానే ఇద్దరూ తమ జాబితాల కింద అడ్డగీత కొట్టి 'లోటు' అని కొత్త అర గీశారు. నిజానికి పోటీ అప్పుడే మొదలైంది. బలాలు వాళ్ళకి కొట్టినపిండి, ఆ అర నింపడానికి అయిదు నిమిషాలు పట్టింది. లోటు అర నింపడానికి గంట పట్టింది. ఎందుకంటే ఒకడి లోటు రాయాలంటే వాడి కథ మొత్తం తెలిసుండాలి.

పూనకం, ఒక పెద్ద పాయింటు

డానీకి ఒక విద్య ఉంది, మనవాళ్ళకి దాన్ని వివరించక్కర్లేదు. మనుషుల్లో దూరి వాళ్ళ చేత తను అనుకున్నది చేయించగలడు. మన జాతరల్లో, గుడి ముంగిట చూసే పూనకం లాంటిదే, కాకపోతే ఇక్కడ పూనేది బడి పిల్లాడు. బెన్ ముఖం తిప్పబోయే ఆ రెప్పపాటులో డానీ వాడి ఒంట్లోకి దూరితే గడియారం ఎవరిది? చెయ్యి ఎవరిది? నా మటుకు ఈ ఒక్క పాయింటు మీదే కొట్లాట తేలిపోతుంది. చేతికందే దూరంలో మొదలైతే డానీదే గెలుపు.

మేనల్లుడు ఊరుకోలేదు. "బెన్ దగ్గర కూడా దెయ్యం ఉంది కదా మావయ్యా, ఘోస్ట్‌ఫ్రీక్!" అన్నాడు. ఉంది. మొదటి పదింటిలో ఒకటి ఘోస్ట్‌ఫ్రీక్. ఒంటి కన్ను, బూడిద రంగు చర్మం, అదీ మాయమవుతుంది, అదీ గోడల్లోంచి పోతుంది, అదీ పూనుతుంది. దెయ్యానికి దెయ్యం సరిజోడు. కానీ బెన్ రూపాలన్నిటిలో బెన్‌కే ఎదురుతిరిగింది ఇదొక్కటే. గడియారంలో నిద్రపోతున్న ఆ జీవి తెలివి చెక్కుచెదరకుండా మిగిలిపోయి, అదను చూసి బయటపడి, బెన్‌నే వెంటాడింది. ఎండ తగిలితే దానికి చావే, చివరికి అలాగే ఓడింది. చాలా రోజులు ఆ రూపం జోలికి పోవడానికి బెన్ జంకాడు. సొంత అమ్ములపొదిలో తను భయపడే బాణం ఉన్న వీరుడు నాకు తెలిసి ఇంకెక్కడా లేడు. ఆ భయమే వాడి మీద నాకు ఇష్టం పెంచింది.

ఎంత పెద్ద శక్తికైనా మెజారిటీ కావాలి

కార్టూన్ వీరుల్లో అందరికన్నా బలవంతుడెవరంటే చాలామంది పిల్లలు తడుముకోకుండా చెప్పే పేరు ఏలియన్ ఎక్స్. ఇదీ బెన్ రూపమే. నల్లటి ఒళ్ళు, ఒంటి నిండా చుక్కలు, అంటే నడిచే ఆకాశం. తలుచుకుంటే ఏదైనా జరుగుతుంది. ఒక కథలో సృష్టి అంతా తుడిచిపెట్టుకుపోతే దాన్ని మళ్ళీ ఉన్నదున్నట్టు పుట్టించింది కూడా ఇదే. ఇంతకన్నా ఏం కావాలి, బెన్ గెలిచినట్టే అని మేనల్లుడు సుద్దముక్క కింద పెట్టేశాడు.

కానీ ఆ ఒంటి లోపల ముగ్గురుంటారు. కోపానికి గొంతు బెలికస్, దయకి గొంతు సెరీనా, మూడోవాడు బెన్. వేలు కదపాలన్నా ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకోవాలి. కోపం, దయ ఎక్కడైనా ఒక మాట మీద ఉంటాయా? వాళ్ళిద్దరూ వాదించుకుంటూ ఉంటారు, ఇంతటి శక్తీ రాతి బొమ్మలా కదలకుండా నిలబడి ఉంటుంది. ఊరు కొట్టుకుపోతున్నా తీర్మానం పాసవ్వదు. ఆ రచయితలు ఎంత లోతుగా ఆలోచించారో అనిపించింది నాకు. అన్నీ చెయ్యగలవాణ్ణి కథలో పెడితే కథ అక్కడే చచ్చిపోతుంది. అందుకని వాడి లోపలే ఒక సభ పెట్టారు.

అవతల డానీ ఖాతాలో ఉన్న రికార్డు కూడా తక్కువది కాదు. చివరి కథలో భూమి మీదికి ఒక పెద్ద ఉల్క వస్తుంది. ఉల్కని ఆపలేమని తేలాక, భూమినే తాకడానికి వీల్లేకుండా చేస్తే అది లోపల్నుంచి దూరి అవతలికి పోతుంది కదా అని డానీకి తోస్తుంది. అన్నాళ్ళూ తను తన్ని తరిమిన దెయ్యాలన్నిటినీ సాయం అడిగి తెచ్చుకుంటాడు. అందరూ కలిసి భూగోళాన్ని కాసేపు గాలిలా చేస్తారు. కార్టూన్ కుర్రాళ్ళు మాయ చేసిన వస్తువుల్లో ఇంత పెద్దది నేను చూళ్ళేదు. అందులో మెజారిటీ గోల లేదు, కానీ ఒంటరిగా చేసిందీ కాదు.

అమ్మ వేసిన మూడో గీత

ముంజలు ఒలవడం అయిపోయింది. చేతులు కడుక్కుని వచ్చిన అమ్మ ఇద్దరి జాబితాలూ చదివించుకుంది. తర్వాత సుద్దముక్క తీసుకుని అరుగు చివర మూడో గీత గీసి, "ఘటోత్కచుడు అని రాయండర్రా" అంది.

"ఆయన కార్టూన్ కాదు కదా అమ్మమ్మా" అంది మేనకోడలు.

కార్టూనే. సింగీతం శ్రీనివాసరావు గారు 2008లో ఘటోత్కచుడి బాల్యం మీద పూర్తి నిడివి యానిమేషన్ సినిమా తీశారు. దీని వెనక ఇంకో విశేషం ఉంది. 1957 మార్చి 27న విడుదలైన 'మాయాబజార్'కి కె.వి.రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పనిచేసిన కుర్రాడే ఈ సింగీతం. ఎస్వీ రంగారావు గారి ఘటోత్కచుడు లడ్డూలు గాల్లోకి లేపి మింగుతున్న ఆ రోజుల్లో కెమెరా వెనక తిరిగిన మనిషి, 51 ఏళ్ళ తర్వాత అదే ఘటోత్కచుణ్ణి బొమ్మల్లో పిల్లాడిగా చేసి నడిపించారు. ఒకే పాత్ర కోసం ఒక దర్శకుడు తిరిగొచ్చిన ఇంత పొడుగు దారి తెలుగులో ఇంకొకటి చూపించమంటే నాకు కష్టమే.

2008 సంవత్సరాన్ని ఎక్కడైనా రాసిపెట్టుకోవాలి. ఆ ఏప్రిల్ 6న పోగోలో ఛోటా భీమ్ మొదలైంది. అది పుట్టింది హైదరాబాద్‌లో, రాజీవ్ చిలక గారు 2001లో పెట్టిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్‌లో. ఢోలక్‌పూర్ అనే ఊహాలోకపు ఊళ్ళో తొమ్మిదేళ్ళ భీముడు లడ్డూ తింటే చాలు, ఎవరినైనా ఎత్తి పడేస్తాడు. అదే నెల 18న పదిహేనేళ్ళ బెన్ అమెరికాలో తెరకెక్కాడు. అదే ఏడాది సింగీతం గారి ఘటోత్కచుడు. భీముడి పేరు పెట్టుకున్న పిల్లాడికీ లడ్డూయే, భీముడి కొడుక్కీ లడ్డూయే. ఛోటా భీమ్‌ని కూడా పోటీలో పెడదామని పిల్లలిద్దరూ అనుకున్నారు గానీ తొమ్మిదేళ్ళవాడని వయసు దగ్గర తప్పించారు.

అన్నదమ్ములిద్దరూ గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళే

అమ్మ ఘటోత్కచుణ్ణి తెచ్చాక అభిమన్యుడు రాకుండా ఉంటాడా? పదహారేళ్ళకే నేలకొరిగిన వీరుడు. పెద్ద బెన్‌దీ అదే వయసు.

మాయాబజార్‌లో అడవిలో అన్నదమ్ములిద్దరూ ఒకరెవరో ఒకరికి తెలియక తలపడతారు. ఈ కొట్లాట వ్యాసుడి భారతంలో లేదు. బలరాముడి కూతురు శశిరేఖే అక్కడ లేదు. జనం నోళ్ళలో, నాటకాల్లో పెరిగిన కథ ఇది. అంటే 'వీళ్ళిద్దరికీ పడితే ఎవరు గెలుస్తారు' అన్న ప్రశ్న మా పిల్లలకన్నా ముందు మన పూర్వులకి వచ్చిందన్నమాట. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టాలన్న కోరిక ఎంత బలమైనదో చూడండి, భారతంలో లేని కథని కూడా పుట్టించింది.

ఇద్దరి లోటూ ఏమిటో మా అమ్మ కళ్ళు మూసుకుని చెప్పింది. అభిమన్యుడికి పద్మవ్యూహం లోపలికి వెళ్ళడం తెలుసు, బయటికి రావడం తెలియదు. ఘటోత్కచుడికి రాత్రి అయితే బలం పెరుగుతుంది, పగలు ఆ పెరుగుదల ఉండదు. వాళ్ళ మీద వాడిన అస్త్రాలకీ గడువులే. వ్యూహం గుమ్మం దగ్గర పాండవుల్ని ఆపిన సైంధవుడి వరం, అర్జునుడు లేనప్పుడు, ఒక్క రోజుకే. ఘటోత్కచుణ్ణి పడగొట్టిన కర్ణుడి శక్తి ఆయుధం ఒక్కసారికే. అది అర్జునుడి కోసం దాచుకున్నది, ఆ రాత్రి వాడక తప్పలేదు. పదమూడో రోజు తమ్ముడు, పద్నాలుగో రోజు రాత్రి అన్న. ఒకటిన్నర రోజు తేడాలో ఇద్దరూ పోయారు.

పడిపోతూ కూడా ఘటోత్కచుడు ఒళ్ళు పెంచి కౌరవ సేన మీద పడ్డాడు, ఆ బరువు కింద ఒక అక్షౌహిణి నలిగిందంటుంది భారతం. అక్షౌహిణి అంటే 21,870 రథాలు, 21,870 ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 కాలిబంట్లు. మేనల్లుడు ఫోన్‌లో కూడి చూశాడు, 2,18,700. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా మూడో గీత కింద ఆ అంకె పెద్ద అక్షరాలతో రాశాడు.

అప్పుడు నాకు తట్టిన విషయం ఒకటుంది, అరుగు మీద ఉన్నవాళ్ళకి చెప్పకుండా ఉండలేకపోయాను. ఘటోత్కచుడి పుట్టుక, అభిమన్యుడి పుట్టుక రెండూ ఆదిపర్వంలోవి. తెలుగులో ఆదిపర్వం రాసింది నన్నయ గారు, 11వ శతాబ్దంలో, రాజరాజ నరేంద్రుడి కొలువులో, మన రాజమహేంద్రవరంలో. ఇద్దరి చావూ ద్రోణపర్వంలో. దాన్ని తెలుగు చేసింది తిక్కన గారు, రెండు వందల ఏళ్ళ తర్వాత, నెల్లూరులో. తెలుగు భాషలో ఆ అన్నదమ్ములిద్దరూ గోదావరి ఒడ్డున పుట్టారు, పెన్న ఒడ్డున పోయారు. అమ్మ చెంగుతో కళ్ళు తుడుచుకుంది. అభిమన్యుడి మాట వస్తే ఆవిడకి ఎప్పుడూ అంతే.

'యుద్ధం' అని పేరు పెట్టుకున్న సినిమాలు

ఇద్దరు మంచివాళ్ళకి తగువు పెట్టి చూడటంలో మన గోదావరి జిల్లాల వాళ్ళది అందెవేసిన చెయ్యి. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి 'గయోపాఖ్యానం' నాటకం 19వ శతాబ్దం చివర రాజమహేంద్రవరంలో పుట్టి ఊరూరా ఆడింది. గయుడనే గంధర్వుణ్ణి చంపుతానని కృష్ణుడి ప్రతిజ్ఞ. కాపాడతానని అర్జునుడి మాట, ఎవరి నుంచో తెలుసుకోకుండానే ఇచ్చేశాడు. బావా బావమరుదులిద్దరూ విల్లు పట్టుకుని ఎదురుపడ్డారు. ఎవరు గెలిచినా ప్రేక్షకుడు ఓడినట్టే. ఈ కథే 1963లో కె.వి.రెడ్డి గారి చేతిలో 'శ్రీకృష్ణార్జున యుద్ధం' అయింది, రామారావు గారు కృష్ణుడు, నాగేశ్వరరావు గారు అర్జునుడు. అదే ఏడాది మార్చి 29న వచ్చిన 'లవకుశ' తెలుగులో తొలి పూర్తి రంగుల చిత్రం. ఇద్దరు పిల్లలు అయోధ్య సైన్యాన్ని ఆపేసే కథ. మన తెర మీద రంగు మొదటిసారి నిండుగా పడింది పిల్ల వీరుల మీద అన్నమాట.

ఇక మా పక్కనే నరసాపురంలో 1933లో పుట్టిన బాపు గారు 1975లో 'శ్రీరామాంజనేయ యుద్ధం' తీశారు. రాముడికీ హనుమంతుడికీ! శరణన్నవాణ్ణి కాపాడటానికి హనుమంతుడు రాముడికే అడ్డం నిలబడతాడు. చేతిలో ఆయుధం లేదు, రామనామం ఉంది. రామబాణం రామనామాన్ని ఏం చెయ్యగలదు? బెన్ గడియారం, డానీ అరుపు, కర్ణుడి శక్తి అన్నిటికీ గడువుంది గానీ ఈ ఒక్కదానికి లేదు. పిల్లలిద్దరూ హనుమంతుణ్ణి పోటీలో చేర్చడానికి ఒప్పుకోలేదు. చేరిస్తే ఆటే ఉండదని వాళ్ళకి అర్థమైంది.

ఈ వరసలో మా ఊరి ముచ్చట కూడా ఒకటి చెప్పుకోవాలి. కృష్ణంరాజు గారు మొగల్తూరులో 1940 జనవరి 20న పుట్టారు. చిరంజీవి గారు 1955 ఆగస్టు 22న ఇక్కడే పుట్టారు. ఒకే ఊళ్ళో పుట్టిన ఇద్దరు హీరోల్ని అభిమానులు ఎక్కడైనా పోటీ పెట్టి చూస్తారు. 1978లో బాపు గారు 'మన ఊరి పాండవులు'లో ఇద్దరినీ ఒకే పక్కన నిలబెట్టారు. చిరంజీవి గారు ఊరి అన్యాయం మీద తిరగబడే అయిదుగురు కుర్రాళ్ళలో ఒకరు, కృష్ణంరాజు గారు వాళ్ళకి దారి చూపే కృష్ణుడి లాంటి మనిషి. దర్శకుడు నరసాపురం, హీరోలు మొగల్తూరు, కథ పాండవులది. ఇన్ని దారాలు ఒక ముడిలో పడటం మా ప్రాంతానికి దక్కిన అదృష్టం.

రికార్డు అంటే లెక్క కూడా కావాలి కాబట్టి ఇది చేరుస్తున్నాను. 2024 సెప్టెంబరు 22న చిరంజీవి గారికి గిన్నిస్ గుర్తింపు ఇచ్చారు. 156 సినిమాలు, 537 పాటలు, 24,000 స్టెప్పులు. ఆయన మొదటి విడుదల 'ప్రాణం ఖరీదు' వచ్చింది 1978 సెప్టెంబరు 22న. సరిగ్గా 46 ఏళ్ళకి అదే తేదీ. ఈ లెక్క చెప్పేసరికి అక్క సూది ఆపి, "స్టెప్పులు ఎలా లెక్కపెట్టారో" అంది. రోజుకి వేల కుట్లు వేళ్ళతో లెక్కపెట్టే మనిషికి రావాల్సిన అనుమానమే అది.

నిజంగా కొట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ళు

బెన్‌నీ డానీనీ ఒకే కథలో ఎవరూ తలపడనివ్వలేదు, చానళ్ళు వేరు, యజమానులు వేరు. కానీ బెన్ మరో టీనేజి వీరుడితో నిజంగానే తలపడ్డాడు. 'జెనరేటర్ రెక్స్' అని అదే నలుగురు రచయితల ఇంకో సీరియల్ ఉంది. రెక్స్ ఒంట్లో నానైట్లనే అతిచిన్న యంత్రాలుంటాయి. వాటితో చేతుల్ని ఇనుప పిడికిళ్ళుగా, కాళ్ళని బండిగా మార్చుకుంటాడు. 2011 నవంబరు 25న 'హీరోస్ యునైటెడ్' అనే గంట ఎపిసోడ్‌లో బెన్ రెక్స్ లోకంలోకి వచ్చి పడతాడు. చూడగానే ఇద్దరూ ఒకరినొకరు శత్రువనుకుని కొట్టుకుంటారు. కాసేపటికి సంగతి తెలుస్తుంది. ఆల్ఫా అనే అసలు శత్రువు మీదికి కలిసి వెళతారు.

అదే మాయాబజార్ అడవి. తెలియక కొట్టుకోవడం, తెలిశాక కలవడం, ఇద్దరూ ఏకమై పెద్ద పనికి పూనుకోవడం. 54 ఏళ్ళ తేడా, మధ్యలో సముద్రాలు, అయినా కథ చెప్పేవాళ్ళకి దొరికిన దారి ఒకటే. ఇద్దరు మంచి కుర్రాళ్ళలో ఒకణ్ణి ఓడించాలంటే చెయ్యి రాదు. ఓడినవాణ్ణి ప్రేమించే పిల్లలు ఉంటారని రాసేవాళ్ళకి తెలుసు. మా అరుగు మీదే ఒకరున్నారు. డానీ కార్టూన్‌లో తనకి నచ్చేది అరుపూ మంటలూ కాదంది మేనకోడలు. దెయ్యం పిల్లాణ్ణి పట్టుకోవాలని వెంటపడే వేటగాళ్ళు వాడి సొంత అమ్మా నాన్నలే, ఇంట్లో అన్నం పెట్టేదీ వాళ్ళే, ఆ సంగతి వాళ్ళకి తెలియదు. "పాపం కదా మావయ్యా, ఇంట్లో కూడా దాక్కోవాలి" అంది. ఆ మాట దాని జాబితాలో ఎక్కడా లేదు. అయినా డానీ గెలవాలని అది అంత గట్టిగా కోరుకోవడానికి కారణం అదే.

తీర్పు

రెండు గంటలు విన్నాక నా తీర్పు చెప్పాను. దగ్గర నుంచి మొదలైతే డానీ, పూనకం వల్ల. దూరం నుంచి మొదలై, బెన్‌కి గడియారం తిప్పే తీరిక దొరికితే బెన్. గంటసేపు సాగితే మళ్ళీ డానీ, ఒంట్లో బలానికి ఛార్జింగ్ గొడవ లేదు కనక. ఏలియన్ ఎక్స్ వస్తే మటుకు బెలికస్, సెరీనా ఒక మాట మీదికి వచ్చేదాకా ఎవరూ గెలవరు. ఘటోత్కచుడి సంగతి అడిగితే, అది ఏ వేళో చెబితే గానీ చెప్పలేనన్నాను.

ఆ ఆఖరి మాటతో గొడవ మళ్ళీ మొదటికి వచ్చింది. మేనకోడలు మూడు గీతల కిందా కొత్త అర గీసి 'టైమ్' అని రాసింది. మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి పెడదామంది. ఎండలో ఘోస్ట్‌ఫ్రీక్ రాలేడు, ఘటోత్కచుడూ పెరగడు, డానీకి ఎండంటే భయం లేదు. మా అమ్మ అర్ధరాత్రి పన్నెండు తప్ప కుదరదంది. మేనల్లుడు మాత్రం ఇరుక్కుపోయాడు. చీకటి కావాలి, లేకపోతే వాడి దెయ్యం బయటికి రాదు. చీకటి పడితే ఘటోత్కచుడు పెరుగుతాడు. వాడు సుద్దముక్కతో 'రాత్రి 7' అని రాశాడు, చెరిపాడు. 'తెల్లవారుజాము 5' అని రాశాడు, మా అమ్మ మొహం చూసి అదీ చెరిపాడు.

ఇంతలో కరెంటు వచ్చింది. లోపల ఫ్యాన్లు తిరగడం మొదలైంది, అక్క లేసు మడతపెట్టి లేచింది. పిల్లలిద్దరూ లేవలేదు. వాడు అరుగు అంచున కూర్చుని చాలాసేపు ఆకాశం వైపు చూసి, "అమ్మమ్మా, ముసురు పట్టిన పగలైతే ఘటోత్కచుడికి బలం పెరుగుతుందా?" అని అడిగాడు.